టేప్‌రికార్డర్ కాలింది, బండి మిగిలింది

అమెరికాలో మా అల్లుడు పడక, వంట అన్నీ లోపలే ఉండే ఒక పాత మోటర్‌హోమ్ కొని ఇంటి ముందు డ్రైవ్‌వేలో నిలిపాడు. ఇల్లు ఇరుకు కాబట్టి ఈ వేసవిలో నా పడక అందులోనే. దానికి ఇంట్లోంచి కరెంటు లాగే పని అల్లుడి స్నేహితుడు ప్రసాద్ తీసుకున్నాడు. ఇంజనీరు.

బండి రేకు మీద నూట ఇరవై ఓల్టులని రాసి ఉంది. అతనేమో బట్టలారబెట్టే మిషనుకు ఇచ్చినట్టు రెండు వందల నలభై ఇస్తానన్నాడు. బండిలో ఫ్రిజ్జు, ఏసీ మాడిపోతాయి బాబూ అని పోయిన ఆదివారమే చెప్పాను.

"బాబాయిగారూ, ఇది మీ ఊరి పంపుసెట్టు కాదండీ!" అన్నాడు. అందరూ నవ్వారు. ముప్పై ఏళ్ళు ఆ పంపుసెట్ల మోటార్లే బాగుచేసిన నేను తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాను.

ఈ రోజు తన టేప్‌రికార్డర్‌లో పాటలు వింటూ ప్రసాద్ పని ముగించాడు. బండి ప్లగ్గు పెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను.

"ముందు నీ టేప్‌రికార్డర్ పెట్టి చూడు బాబూ."

"ఇంకా డౌటేనా బాబాయిగారూ? ష్యూర్, చూడండి!"

కొత్త సాకెట్టుకు సరిపడేలా దానికి అడాప్టర్ తగిలించి పెట్టాడు. పాట మొదలవుతూనే ఆగిపోయి గుప్పున పొగ వచ్చింది. నేను ప్రసాద్ మొహాన్నే తీరిగ్గా చూశాను.

"తెలిసీ ఎందుకు పెట్టించావు నాన్నా?" అని అమ్మాయి కోప్పడింది.

ఒకసారి చెప్పాను, నవ్వారు. రెండోసారి చెప్పడం నాకు రాదు. నాకు కొంచెం కూడా బాధగా లేదు. మీరైతే చెప్పేవారా?