ఉరుకుందప్ప కంటి లెవెల్

ఉరుకుందప్ప గురించి నాలుగు మంచి మాటలు రాయమని మా ఇంజనీర్ల క్లబ్ సావనీర్ కమిటీ నన్నడిగింది. రాస్తున్నాను. వాళ్లు దీన్ని అచ్చు వెయ్యరని నాకు తెలుసు. వెయ్యకపోతే పోయింది. నాకు అరవై నాలుగేళ్లు, రిటైరై పింఛను తింటున్నాను, ఇంక ఎవడికి భయపడాలి?

ఆయన ఇంజనీరు కాదు, ఆలూరు పక్క పల్లె మనిషి. మా నీటిపారుదల శాఖలో చైన్‌మ్యాన్. మేము ఎత్తుపల్లాలు చూసే లెవెల్ మిషన్ వెనక గొడుగు నీడలో నిలబడితే, అంకెలు వేసిన నాలుగు మీటర్ల స్టాఫ్ పట్టుకుని ఎండలో నిలబడేవాడు. రెండు చోట్ల స్టాఫ్ మీద మేం చదివిన అంకెల తేడాయే పల్లం. ముప్పై ఏళ్లకు పైగా ఆయన పని అదే. కొత్త ఇంజనీర్లకు పని నేర్పేది చైన్‌మ్యాన్లే అని మా శాఖలో ఒక పాత వేళాకోళం. నిలబడీ నిలబడీ ఆయన కంటికే లెవెల్ వచ్చేసింది. ఈ మెట్టు కంటే ఆ గట్టు ఎంత పల్లమప్పా అని అడిగితే ఒక్క చూపు చూసి చెప్పేవాడు. మిషన్ పెట్టి చూస్తే సెంటీమీటరు తేడా వచ్చేది.

రిటైరయ్యాక కర్నూల్లో మా క్లబ్బు వెనక గదిలో కాపలాగా చేరాడు. ఏటా ఇంజనీర్స్ డే రోజు ఆయన కన్ను మాకు వినోదం. పోర్టికో మెట్టు మీద నిలబెట్టి, ఆవరణలో ఒక జాగా చూపించి లోతు చెప్పమనేవాళ్లం. చెప్పింది మిషన్ పెట్టి సరిచూశాక చప్పట్లు, ఒక శాలువా. ఆ వినోదం కోసమే గది ఆయనకు ఉండనిచ్చారు.

ఆ గది ఆయనకు ఎందుకో కూడా చెప్పాలి. భార్య నాగలక్ష్మమ్మకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు పెద్దాసుపత్రిలో డయాలసిస్. క్లబ్బు నుంచి ఆసుపత్రికి ఆటోలో పది నిమిషాలు. ఆలూరు నుంచైతే బస్సులో రెండున్నర గంటలు, పైగా పల్లె నుంచి ఆలూరు దాకా వేరే ప్రయాణం.

మూడేళ్ల కిందట ఒకరోజు నా దగ్గరికొచ్చాడు. "సార్, కండ్లకు పొర కమ్మింది. మనుషులు మసగ్గా అగుపిస్తాండారు. లెవెల్ యాడ అగుపిస్తాది? ఆపరేషన్ చేపిచ్చుకుంటే పదైదు దినాలు పండుకోవల్లంట. ఆయమ్మను ఆసుపత్రికి ఎవరు పిల్సకపోతారు? మీరొక్కరు సాయం చెయ్యల్ల."

సాయం చిన్నదే. జాగా చూపించి, మిషన్ చదివే సీనియర్ మెంబరును నేనే. పంపు దగ్గరి వాల్వు గుంత మూతనే ఏటా చూపించాలి. ఆయన ముందు రోజు మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల గొట్టంతో కొలుచుకుని పెట్టుకుంటాడు. ముప్పై నాలుగు సెంటీమీటర్లు. మొదటి ఏడు ముప్పై మూడని, రెండో ఏడు ముప్పై ఐదని చెప్పాడు, అనుమానం రాకుండా. ఆ తెలివికి నేనే నవ్వాను.

నేను సాయం చేయడానికి కారణముంది. ఎనభై ఆరులో కొత్తగా ఉద్యోగంలో చేరి కాలువ సర్వే చేస్తుంటే, రెండు పాయింట్ ఆరు రెండుని ఒకటి పాయింట్ ఆరు రెండుగా చదివి పుస్తకంలో రాసేశాను. ఒక్క అంకె. ఆ లెక్కన తవ్వితే నీళ్లు ఎదురెక్కాల్సిందే. నా ఉద్యోగానికి నీళ్లొదిలే సంగతి. మధ్యాహ్నం సద్ది విప్పుతూ, ఎవరూ లేకుండా చూసి ఉరుకుందప్ప అన్నాడు. "సార్, మీ మిషన్ నా తలకాయ పైన చూస్తాండాది. ఒకటి ఎట్లొస్తాది? ఒకటిన్నరంటే నా మొగం కాడుండల్ల గదా." నేను దిద్దుకున్నాను. థ్యాంక్స్ కూడా చెప్పలేదు. అప్పట్నుంచి ఆయన్ని చూసినప్పుడల్లా నాకు లోపల ఒళ్లు మండేది. మేలు చేసినవాడి మీద అంత మంట ఎందుకో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

పోయిన సెప్టెంబరులో రమ్మీ ఆడుతున్నాం. క్లబ్బు సెక్రటరీ భూపేష్, కాంట్రాక్టు పనులు చేసే కుర్ర ఇంజనీరు, ముక్కలు పంచుతూ అన్నాడు: "ఏమన్నా, నీకు స్టాఫ్ చదివేది నేర్పిచ్చింది ఉరుకుందప్పేనంట గదా."

అందరూ నవ్వారు. ముసలోడు చెప్పేశాడన్నమాట. "వాడా నాకు నేర్పేది? వానికి కండ్లే కనపడవు" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? నీళ్ల గొట్టం, వాల్వు మూత, ముప్పై నాలుగు, అన్నీ కక్కేశాను.

భూపేష్ కండ్లు మెరిశాయి. "శానా బాగుండాది. ఈసారి పందెం కడదాం. లెక్క తప్పితే గది ఖాళీ చెయ్యాల. ఆడ జిమ్ము పెట్టుకుందాం." చుట్టూ ఉన్న నలుగురూ కానీ అన్నారు. నేనూ తల ఊపాను.

ఇంజనీర్స్ డే పొద్దున నేను వెళ్లేసరికి వాల్వు గుంత మీద రెండు వరసల ఇటుక లేచింది. దాని మీద పాత మూత బోర్లించి ఉంది. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. భూపేష్ నన్ను చూసి కన్ను కొట్టాడు. ఉరుకుందప్ప అప్పటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని పోర్టికోలో నిలబడి ఉన్నాడు. నాలుగడుగులు నడిచి చెవిలో ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను వెళ్లి మిషన్ నిలబెట్టుకున్నాను.

ముఖ్య అతిథిగా వచ్చిన చీఫ్ ఇంజనీరు ముందు భూపేష్ మైకులో పందెం చదివాడు. గది మాట వినగానే ఉరుకుందప్ప నా వైపు తిరిగాడు. నేను చెయ్యెత్తి వాల్వు మూత చూపించాను. ఆయన ముఖం తేటపడింది.

"ముప్పై నాలుగు సార్" అన్నాడు నిబ్బరంగా.

స్టాఫ్ పట్టేదీ ఆయనే. మెట్టు మీద పెట్టాడు, ఒకటి పాయింట్ రెండు ఒకటి. తర్వాత గుంత దగ్గరికి నడిచాడు. కాలు ఇటుకకు తగిలింది. వంగి చేత్తో తడిమాడు, వేళ్లకు పచ్చి సిమెంటు అంటింది. నాకు లెన్సులోంచి అంతా దగ్గరగా కనిపించింది. ఆయన లేచి, వేళ్లు పంచెకు తుడుచుకుని, మూత మీద స్టాఫ్ నిలబెట్టాడు. వణకలేదు, వాలలేదు.

ఒకటి పాయింట్ మూడు ఐదు. మూడును ఐదు అని చదివితే చాలు, తేడా ముప్పై నాలుగై లెక్క ఆయనదే అవుతుంది. మిషన్లో నా తర్వాత చూసేవాడు లేడు. భూపేష్‌కు తెలిసినా, ఇటుకలు తనే పెట్టించినట్టు చీఫ్ ఇంజనీరు ముందు ఎట్లా చెప్తాడు? ఇదంతా నాకు ఆ క్షణంలోనే తట్టింది. ఒక్కసారైనా వాడి లెక్క తప్పాలి అనిపించింది. అంతే, వేరే కారణం లేదు.

"ఒకటి పాయింట్ మూడు ఐదు" అని గట్టిగా చదివాను.

పద్నాలుగు అని బోర్డు మీద రాశారు. నవ్వులు మొదలయ్యాయి. ఎవరో ఈల వేశారు. అప్పుడు కూడా శాలువా కప్పారు, ఫొటో కోసం.

వారంలో గది ఖాళీ చేశారు. ఆ తర్వాత మొగుడూ పెళ్లామూ పల్లె నుంచి బస్సుల్లో ఆసుపత్రికి వచ్చిపోయేవాళ్లు. ఐదు వారాలు వచ్చారు. ఆరో వారం వానకు వంక పొంగి రెండు రోజులు దారి ఆగింది. నాగలక్ష్మమ్మ పోయింది.

పదకొండో రోజు నేను పల్లెకు వెళ్లాను. ఆయన గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. నా గొంతు పోల్చి, "రాండి సార్, కూసోండి" అన్నాడు. పక్కన కూర్చున్నాను. ఇటుకల మాట ఆయన ఎత్తలేదు. ఆ చావింట్లో నేనడిగింది ఏమిటో రాయడానికి సిగ్గేస్తోంది.

"ఉరుకుందప్పా, ఎనభై ఆరులో నేను తప్పు చదివింది భూపేష్‌కు ఎందుకు చెప్పినావు?"

ఆయనకు నా మాట కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక తల అడ్డంగా ఊపాడు.

"నేను చెప్పల్యా సార్. నాగలక్ష్మికి కూడా చెప్పల్యా. ఒకరి కూటి సంగతి ఇంగొకరికి యాడ చెప్తాం?"