రంగంలో పిన్ని సర్దిన బల్ల

ఒక అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడానికి చేసిన ప్రయాణం ఇది. యాంగోన్ వెళ్ళాలనుకునేవాళ్ళు ఇందులో గోపురాల వర్ణనలు వెతక్కండి. రైలు టైములు మాత్రం సరిగ్గా ఉంటాయి. ముప్పయ్యొక్కేళ్ళు విశాఖపట్నంలో బస్సుల డిపోలో కూర్చుని వచ్చే బస్సు, పోయే బస్సు టైములు రాసినవాణ్ణి. రిటైరయినా ఆ రోగం వదల్లేదు.

యాంగోన్‌ని మా ఇంట్లో ఇప్పటికీ రంగం అనే అంటాం. అమ్మా, ఆవిడ చెల్లెలు తెరేజా పిన్నీ పుట్టింది అక్కడే. పెళ్ళయ్యాక అమ్మ ఓడెక్కి విశాఖ వచ్చేసింది. పెళ్ళి చేసుకోని పిన్ని, అమ్మమ్మని చూసుకుంటూ అక్కడే ఉండిపోయింది. అమ్మమ్మకి జబ్బు ముదిరినప్పుడు పిన్ని ఫాదర్ గారిని పిలవలేదు. మా కతోలికులకి పోయేముందు గురువు వచ్చి, పాపసంకీర్తనం, అంటే చేసిన పాపాల ఒప్పుకోలు, విని, నుదుటికీ చేతులకీ నూనె పూసి, సత్ప్రసాదం ఇవ్వాలి. ఆయన గుమ్మంలో కనిపిస్తే తన పని అయిపోయిందని అమ్మమ్మ హడలిపోతుందేమోనని, రేపు పిలుద్దాం, ఎల్లుండి పిలుద్దాం అనుకుంది పిన్ని. ఎల్లుండికి అమ్మమ్మ లేదు. "అమ్మని ఒట్టి చేతులతో పంపేశావు" అని మా అమ్మ ఒక ఉత్తరం రాసింది. ఆ తరవాత నలభై ఏళ్ళు రాయలేదు.

పోయిన ఏడాది అమ్మ ఆసుపత్రిలో కన్నుమూసింది. పిన్ని ఫోన్ చేసి ఒకటే అడిగింది. "బావూ, అక్కకి పాదర్ గారొచ్చినారా?" వచ్చారన్నాను. రాలేదు. అప్పట్లో పిన్ని చేసిన పనే నేనూ చేశాను. పోవడానికి ముందురోజు అమ్మ పిన్ని గురించి ఒక మాట అంది. ఆ మాట పిన్నికి చేరాలంటే నా అబద్ధం బయటపడాలి. అందుకని ఏడాదిగా నోరు కుట్టేసుకున్నాను. జనవరిలో పిన్ని కింది అంతస్తులో ఉండే సీత ఫోన్ చేసింది. "అంకుల్, హార్ట్‌కి ఎక్కువ టైమ్ లేదంట. డాక్టర్ సెప్పినాడు. వచ్చీయండి."

వీసాకి తొమ్మిది రోజులు పట్టింది. మంగళవారం మధ్యాహ్నం 2.40కి విశాఖలో హౌరా రైలెక్కాను. మా ఆవిడ పులిహోర కట్టిచ్చింది. ఎదుటి బెర్తులో ఖరగ్‌పూర్ వెళ్తున్న ముసలాయన, ఎక్కడికని అడిగాడు. చెప్పాను. "మా తాత యుద్ధంలో రంగం నుంచి నడిచొచ్చీసినాడు. మీరేటి ఎదురెళ్తన్నారు?" అని నవ్వి, నా పులిహోరలో వాటా తీసుకున్నాడు.

బుధవారం ఉదయం 5.10కి హౌరా. విమానం మధ్యాహ్నం 12.30కి. పక్క సీటులో మినుముల వ్యాపారి. డాలర్ నోటు మీద ఒక్క మడత ఉన్నా అక్కడ తీసుకోరని ఆయన హెచ్చరించాడు. నేను ముందే జపాల పుస్తకంలో అట్టల మధ్య పెట్టుకున్నాను. చూపిస్తే, "దేవుడి పుస్తకం దీనికైనా పనికొచ్చింది" అన్నాడు. నవ్వాను గాని, గుచ్చుకుంది. ఏడాదిగా ఆ పుస్తకం తెరవలేదు నేను.

వాళ్ళ గడియారం మనకన్నా ఒక గంట ముందు. 3.20కి దిగాను. పిన్ని ఉండే బోటాటౌంగ్ పేటకి టాక్సీ పాతిక వేల చాట్‌లు, అక్కడి డబ్బు, బేరమాడితే ఇరవై రెండు. విదేశీయులు ఇళ్ళలో బస చేయడానికి లేదు. పిన్ని ఇంటికి రెండు వీధుల అవతల చిన్న లాడ్జీ, పొద్దుటి ఫలహారంతో కలిపి రోజుకి పాతిక డాలర్లు. కరెంటు ఉన్న గంటలకన్నా లేని గంటలే ఎక్కువ. టార్చిలైటు తప్పనిసరి.

పిన్ని ఇల్లు నాలుగో అంతస్తు. యాభై రెండు మెట్లు, నిచ్చెనంత నిటారుగా. ఆ వీధిలో ప్రతి బాల్కనీ నుంచి ఒక తాడు కిందికి వేలాడుతూ ఉంటుంది, చివర క్లిప్పు, పైన చిన్న గంట. పేపరో కూరగాయలో తగిలించి తాడు లాగితే పైనవాళ్ళు చేదుకుంటారు. పిన్నికి రెండో తాడు ఉంది. అది సీత వాళ్ళ కిటికీ దగ్గర ఆగిపోతుంది, గంట అక్కడ.

"అది నాకు, ఊ ప్రకాశం" అంది సీత. మర్యాదకి మగవాళ్ళ పేరు ముందు 'ఊ' అంటారక్కడ, ఆడవాళ్ళకి 'డా'. సీత ముత్తాత మన తీరం నుంచి రేవులో మూటలు మోయడానికి వచ్చినవాడు. వాళ్ళు హిందువులు. తను మందుల షాపులో పనిచేస్తుంది. "డా తెరేజా టూ టైమ్స్ లాగితే ముందు ఫాదర్‌కి ఫోన్. డాక్టర్ నెక్స్ట్. నాకు ఆర్డర్."

పిన్ని మంచం మీద కూర్చుని ఉంది, పిడికెడు మనిషి. పాదాలు వాచిపోయాయి. "ఒచ్చీసినావా నాయినా" అని నా మొహం తడిమింది. "అచ్చు అక్క ముక్కే." నా కళ్ళు చెమ్మగిల్లాయి. అప్పుడు టైము 5.05. ఆ ముక్క జేబులోని టైముల పుస్తకంలో రాసుకోబోతుంటే నవ్వింది. "ఏటి రాస్తన్నావు? నానేటి బస్సునా?"

తరవాత లేచి, గోడ పట్టుకుని నడిచి, పెట్టెలోంచి తెల్ల గుడ్డ తీసింది. చిన్న బల్ల మీద పరిచి, సిలువ నిలబెట్టి, అటూ ఇటూ కొవ్వొత్తులు పెట్టింది. సీసాలో తీర్థం, గిన్నెలో దూది, గ్లాసుడు నీళ్ళు, చెంచా. ఫాదర్ గారు పోయేవారి ఇంటికి వస్తే కావలసిన సరంజామా అది. రేపు పొద్దున్న మడతపెట్టేసి, సాయంత్రం మళ్ళీ సర్దుతుంది. నలభై ఏళ్ళుగా రోజూ ఇంతేనట.

"రోజూ ఎందుకు పిన్నీ?"

"ఏ రోజో నాకు సెప్పినారేటి? పాదర్ గారొచ్చినాక గుడ్డకోసం ఎతుక్కోకూడదు గదా."

ఏడు గంటలకి జపమాల అయ్యాక నా వైపు తిరిగి చేతులు జోడించింది. "బావూ, ఇయ్యాల నీకేటైనా కట్టం కలిగించీసుంటే చమించు." పడుకునేముందు ఇంట్లో ఎవరుంటే వాళ్ళని అలా అడుగుతుంది. ఎవరూ లేకపోతే తాడు లాగి సీతని పిలిచి అడుగుతుంది. నన్నూ క్షమించు పిన్నీ అని నేనూ అనాలి. రేపు చెబుదాంలే అనుకుని లాడ్జీకి వెళ్ళిపోయాను.

గురువారం, శుక్రవారం ఆవిడ వెంటే తిరిగాను. లేవగానే సిలువ గుర్తు వేసుకుని, "ఇయ్యాల పిలిస్తే ఇయ్యాలే ఒస్తాను తండ్రీ" అంటుంది, కూరగాయల బజారుకి బయలుదేరుతున్నంత మామూలుగా. ఆరింటి పూజకి ఎర్రిటుకల పెద్ద గుడికి వెళ్ళాలి. సీత ఒక రెక్క, నేనొక రెక్క పట్టుకుని దింపాం. దిగడానికే ఇరవై రెండు నిమిషాలు. తిరుగుదారిలో చేపల పులుసు పోసిన సేమ్యా, మొహింగా, నాకు తినిపించింది. తను చెంచాడు రుచి చూసి వదిలేసింది. పోయాక కట్టించాల్సిన చీరా, మెళ్ళో వెయ్యాల్సిన, గుడిలో దీవించిన ఉత్తరీయం సీతకి ఎప్పుడో అప్పజెప్పేసింది. కుట్టు మిషను ఎవరికివ్వాలో కూడా. శుక్రవారం గుడిలో పద్నాలుగు స్థలాల దగ్గర ఆగి జపించే సిలువమార్గం చేస్తూ పదకొండో స్థలం దగ్గర ఆయాసపడి కూర్చుండిపోయింది. ఇంకా చెప్పలేదు నేను. రెండు సాయంత్రాలూ ఆవిడ నన్ను క్షమించమంది, రెండుసార్లూ నేను తల మాత్రం ఊపాను.

ఆ శుక్రవారం లాడ్జీకి నడుస్తుంటే తట్టింది. రేపు పిలుద్దాం అని ఆసుపత్రి వరండాలో అనుకున్నవాణ్ణి, రేపు చెబుదాం అని ఇక్కడ అనుకుంటున్నాను. సిగ్గేసింది.

శనివారం పిన్ని లేవలేకపోయింది. సాయంత్రం 5కి, "ఇయ్యాల నువ్వే సర్దీ నాయినా" అంది. గుడ్డ పరిచాను. ముడత ఉందంటే సాఫీ చేశాను. కొవ్వొత్తులు పెట్టాను. దూది చేతిలోకి తీసుకుని, ఇది దేనికని అడిగాను.

"నూనె పూసినాక పాదర్ గారు ఏళ్ళు తుడుసుకోడానికి. అక్కకి నువ్వు పెట్టినావు గదా, తెల్దా?"

"పెట్టలేదు పిన్నీ. అమ్మకి ఎవరూ రాలేదు. నీకు అబద్ధం చెప్పాను."

నేనే చెప్పుకుపోయాను. ముందురోజు సాయంత్రం 4.30కి అమ్మ నన్నడిగింది, ఫాదర్ గారికి చెప్పావా అని. నీకేం కాలేదమ్మా, ఎందుకూ అన్నాను. ఆవిడ భయపడుతుందనుకున్నాను. నిజానికి భయపడింది నేను. మర్నాడు మధ్యాహ్నం 1.10కి అమ్మ పోయింది. పోయాక ఫోన్ చేస్తే 1.50కి వచ్చారు ఫాదర్ గారు.

"అక్క కూడా ఒట్టి సేతుల్తోనే ఎల్లిపోనాదా!" పిన్ని గుండె మీద కొట్టుకుని ఏడ్చింది. "అమ్మా, అక్కా ఇద్దరూనా! నా బల్ల సముద్రం దాటి ఎల్లలేకపోనాదేట్రా!" నన్ను చూడలేదు. గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. చెప్పకుండా ఉండాల్సిందా అనిపించింది. పారిపోదామనిపించింది.

మోకాళ్ళ మీద కూర్చుని, మిగిలింది కూడా చెప్పాను. "నీకేం కాలేదమ్మా అన్నాక అమ్మ నా మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది పిన్నీ. తరవాత నా చెయ్యి పట్టుకుని, 'తెరేజా కూడా ఇలాగే భయపడి ఉంటుందిరా పాపం. నేనే దాన్ని అర్థం చేసుకోలేదు' అంది."

పిన్ని ఇటు తిరిగింది. "మల్లీ సెప్పు."

మళ్ళీ చెప్పాను.

"పాపం అన్నాదా? అక్కే అన్నాదా?"

"అంది పిన్నీ. చెల్లెలికి ఈ మాట చెప్పు అని కూడా అంది. నేనే దాచాను."

కొవ్వొత్తులు వెలిగించమంది. ఫాదర్ గారు రాని రోజు అవి వెలిగించడం నలభై ఏళ్ళలో అదే మొదటిసారట. కరెంటు లేదు. ఆ వెలుగులో ఇద్దరం అమ్మ కోసం జపమాల చెప్పాం. స్వర్గానికి ముందు ఆత్మలు శుద్ధి అయ్యే ఉత్తరించు స్థలంలో ఉంటే తొందరగా దాటించమని అడిగాం. అయ్యాక ఆవిడ ఎప్పటిలా చేతులు జోడించబోతే, ఈసారి నేనే ముందు జోడించాను.

"నాను చమించీసినాన్రా. నాది అక్క చమించీసినాది. మరి నీది అక్కనడగాల గదా?" నా తల మీద చెయ్యి వేసింది. "ముందెల్తన్నది నానే. నీ తరపున నానడుగుతాను. నువ్వు మాత్తరం రేపు పాపసంకీర్తనం సేసుకోని రా."

ఆదివారం ఉదయం 5.30కి గుడికి వెళ్ళి నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పుకున్నాను. బర్మా ఫాదర్ గారు ఓపిగ్గా విన్నారు. బయటికొచ్చి రేవు గట్టున కూర్చుని, జపాల పుస్తకం తెరిచి, ప్రాయశ్చిత్త జపం చెప్పుకున్నాను. గట్టున కూర్చున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. పక్కన టీ తాగుతున్నాయన లేచి, ఏమీ అడక్కుండా నాకూ ఒక టీ చెప్పి వెళ్ళిపోయాడు.

సోమవారం ఉదయం 8.15కి సెలవు తీసుకున్నాను. ఉండిపోతానంటే ఒప్పుకోలేదు. తిరుగు టికెట్టు తీసుకునే వచ్చాను, పైగా ఇంటి దగ్గర మా ఆవిడ ఒక్కతే. పిన్ని నా నుదుటి మీద సిలువ గుర్తు వేసింది. ఇక మళ్ళీ చూసుకోమని ఇద్దరికీ తెలుసు. నేను జేబు తడుముకుంటుంటే, "రాసీసుకో, బస్సు బయల్దేరినాదని" అంది. రాయలేకపోయాను. కింది వీధిలోకి వచ్చి తలెత్తితే, బాల్కనీలో రెండు తాళ్ళూ గాలికి ఊగుతున్నాయి. ఆవిడ అక్కడిదాకా రాలేదు.

కలకత్తాలో ఒకటిన్నరకి దిగాను. హౌరా నుంచి రైలు సాయంత్రం 6.20కి. మంగళవారం ఉదయం పలాస దాటుతుండగా ఫోన్ మోగింది. అక్కడ ఇంటర్నెట్ సరిగ్గా తిరగదు, నిన్నటి మెసేజ్ ఇవాళ అందింది. సీతకి మన లిపి రాయడం రాదు, మాట్లాడి పంపింది.

"ఊ ప్రకాశం, ఈవెనింగ్ బెల్ టూ టైమ్స్ కొట్టినారు. ఫాదర్ 5.40కి వచ్చినారు. టేబుల్ రెడీగానే ఉంది. నూనె పెట్టినారు, ప్రసాదం ఇచ్చినారు. 6.25కి డా తెరేజా ఎల్లిపోనారు. మీరు టైమ్ అడుగుతారని రాసుకున్నాను."

అక్కడ 6.25 అంటే మనకి 5.25. ఆ సమయంలో నేను హౌరా ప్లాట్‌ఫారం మీద బెంచీ వెతుక్కుంటున్నాను. పుస్తకం తీసి రెండు టైములూ రాశాను. అక్షరాలు అలుక్కుపోయాయి. ఎదుటి సీటావిడ మంచినీళ్ళ సీసా అందించింది.

రంగంలో చూడాల్సినవి చాలా ఉన్నాయంటారు. నేను చూసింది ఒక గది, ఒక గుడి, తెల్లగుడ్డ పరిచిన ఒక బల్ల. చావుకి సిద్ధపడటమంటే చావు గురించి దిగులు పడుతూ కూర్చోవడం అనుకునేవాణ్ణి. పిన్ని రోజూ గుడ్డ ఉతుక్కుని, అందరితో తగువులు తెంపుకుని పడుకునేది, అంతే. మా అమ్మకి ఆ బల్ల నేను వెయ్యలేకపోయాను. ఆ బాధ నాతోనే పోతుంది.

విశాఖలో బండి 8.55కి ఆగింది, ఇరవై నిమిషాలు లేటు. దిగాక మా ఆవిడకి ఫోన్ చేసి, ఇంట్లో తెల్ల గుడ్డ ఉందా అని అడిగాను. తరవాత ఆటో కోసం నిలబడి లెక్కవేసుకున్నాను. పిన్ని వెళ్ళి పదిహేనున్నర గంటలు. ఈపాటికి అమ్మని అడిగేసే ఉంటుంది.