బేస్‌మెంట్‌లో నార్వేవాడి హోరు

మొన్న పన్ను పీకించుకోవడానికి వెళితే డెంటిస్టుగారి సీలింగులోంచి ఒక హోరు వినిపించింది. నోరు బార్లా తెరుచుకుని కుర్చీలో పడుకున్నవాడికి అభ్యంతరం చెప్పే వీలుండదు. గుయ్యిమని ఒకటే మోత, దాని వెనక ఎక్కడో దూరంగా ఒక ట్రంపెట్, మధ్యమధ్య మంచు చిట్లుతున్న చప్పుడు. పోల్చుకోవడానికి నాకు అర నిమిషం పట్టలేదు.

ఆ హోరు ఒకప్పుడు మా ఇంట్లో రెండు నెలలు కాపురం చేసింది. 2002 చలికాలం, అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో. మా ఆవిడ తమ్ముడికి ఉద్యోగం ఊడింది. ఇంకో కంపెనీ తొందరగా వీసా ఫైల్ చేయకపోతే పెట్టె సర్దుకుని దేశం వదలాలి. అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి మా బేస్‌మెంట్‌లోకి దిగాడు. మంచివాడు. గిన్నెలు తోమేవాడు, డ్రైవ్‌వే మీద మంచు ఎత్తిపోసేవాడు, నన్ను పల్లెత్తు మాట అనేవాడు కాదు. అనాలన్నా అతనికి మాట చప్పున వచ్చేది కాదు. చిన్నప్పటి నత్తి, కంగారు పడితే తిరగబెట్టేది.

సామానుతోపాటు ఒక సీడీ తెచ్చుకున్నాడు. ఎవరో నార్వేవాడట, ఏళ్ళ తరబడి ఇతరుల బృందాల్లో కీబోర్డు వాయించి, మొదటిసారి సొంతంగా చేసిన ఆల్బమట. ఇక్కడి షాపుల్లో దొరకదని అక్కడినుంచి పోస్టులో తెప్పించుకున్నాడు. జాజ్ అన్నాడు. నేనెరిగిన జాజ్‌లో కనీసం డ్రమ్ములైనా ఉంటాయి. మొదటి రోజు ఆ మోత విని, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్ పాడైందనుకుని మెకానిక్‌ని పిలిచాను. అతను బేస్‌మెంట్‌లోకి దిగి, కాసేపు చెవి ఒగ్గి విని, "ఫర్నెస్ బాగానే ఉంది సర్, మోగుతున్నది పాట" అని చెప్పి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ బాగుందని మెచ్చుకున్నాడు కూడా. నాకు తల కొట్టేసినట్టయింది.

నాకు సంగీతమంటే పల్లవి ఉండాలి, చరణం ఉండాలి, తాళం పడాలి. ఇందులో ఏమీ జరగదు. ఎనిమిది నిమిషాలు ఏదో మొదలవబోతున్నట్టు ఊరించి, అక్కడికే ఆగిపోతుంది. పోనీ ఒక్కసారి విని ఊరుకుంటాడా అంటే, పొద్దున లేచింది మొదలు అదే. నా కాఫీలో అదే, నా పూజలో అదే. ఒకరోజు ఆఫీస్‌కి వెళ్తూ, అతన్ని దారిలో లైబ్రరీ దగ్గర దింపుదామని కార్‌లో ఎక్కించుకున్నప్పుడు ఉండబట్టలేక అడిగేశాను, ఆ దరిద్రం ఎలా వింటున్నావోయ్ అని.

"అది పెట్టుకుంటే ఊపిరి సర్దుకుంటుంది బావగారూ. ఇంటర్వ్యూకి ముందు గంటసేపు వింటే మాట తడబడట్లేదు," అన్నాడు. "మీ శ్రుతిపెట్టె కూడా అంతే కదండీ," అన్నాడు నవ్వుతూ.

నేను పాడే త్యాగయ్య కృతులకు పట్టే శ్రుతినీ, ఆ ఫ్రిజ్ మోతనీ ఒక గాటన కట్టినందుకు నాకు ఒళ్ళు మండింది. "నత్తికి డాక్టర్లున్నారు, ఫ్రిజ్జులు కాదు," అన్నాను. ఆ మాట అన్నందుకు ఆ రోజు నాకు సిగ్గేయలేదు, పైగా భలే అన్నాననిపించింది.

ప్రతి శనివారం సాయంత్రం మా ఇంట్లో పాటల కార్యక్రమం ఉండేది. నాలుగైదు తెలుగు కుటుంబాలు, తలో వంటకం, నా శ్రుతిపెట్టె. ఆ శనివారం బావమరిది గుడికి వెళ్ళాడు, సోమవారం పొద్దున ఫోన్ ఇంటర్వ్యూ ఉందని. ఉన్న ఒక్క ఆశా అదే. భోజనాలయ్యాక, నలుగురినీ నవ్విద్దామని నేను బేస్‌మెంట్‌లోకి వెళ్ళి ఆ సీడీ తెచ్చి పెట్టాను. అందరూ విరగబడి నవ్వారు. నేపర్‌విల్ నుంచి వచ్చే మత్తు డాక్టరు ఒకాయన, "నాకిచ్చెయ్యండి మాస్టారూ, ఇంక ఇంజెక్షన్ అక్కర్లేదు," అన్నాడు. మిగిలిన పులిహోర పెరుగు డబ్బాల్లో సర్ది తలా ఒకటి ఇచ్చి పంపడం మావాళ్ళ ఆచారం కదా, ఆయన సంచీలో డబ్బా పక్కనే ఆ సీడీ కూడా పడేశాను. పీడా పోయిందనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అతను మెట్లెక్కి వచ్చాడు. "బావగారూ, నా సీడీ ఏమైనా చూశారా?"

"లేదే," అన్నాను.

పేపర్లోంచి తల ఎత్తకుండా అన్నాను. నేపర్‌విల్ ముప్పావుగంట డ్రైవ్. ఒక్క ఫోన్ చేసి, కారు తీసుకెళ్ళి తెచ్చివ్వచ్చు. తెస్తే అతిథి సొమ్ము ఎత్తి పంచిపెట్టానని ఒప్పుకోవాలి, పరువు పోతుంది. నా పరువు సంగతి చూసుకున్నాను. అతను సోఫాల కింద, వాషింగ్ మెషీన్ వెనక, చివరికి చెత్తబుట్టలో కూడా వెతికాడు. మా ఆవిడ కూడా తమ్ముడితో కలిసి వెతికింది. నేను కూడా లేచి ఒక కుషన్ ఎత్తి చూశాను. ఆ కుషన్ తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే రోత పుడుతుంది.

సోమవారం నేను ఆఫీస్‌కి ఆలస్యంగా బయలుదేరాను. బేస్‌మెంట్ తలుపు దగ్గర నిలబడితే అతని గొంతు వినిపిస్తోంది. ఒక్క అక్షరం దగ్గర ఆగిపోతున్నాడు. మళ్ళీ అక్కణ్ణించే ఎత్తుకుంటున్నాడు. మళ్ళీ ఆగిపోతున్నాడు. తనకు బాగా తెలిసిన పనిని తన నోటితో చెప్పలేక గింజుకుంటున్నాడు. పావుగంటలో అవతలివాళ్ళు ఫోన్ పెట్టేశారు. పైకి వచ్చి, "పోయినట్టే బావగారూ," అన్నాడు. ఆ మాట మాత్రం ఎక్కడా తడబడలేదు.

మూడు వారాలకు విమానం ఎక్కాడు. ఎయిర్‌పోర్ట్‌లో నా కాళ్ళకి దండం పెట్టబోతే వెనక్కి జరిగాను. వినయమనుకున్నాడు.

ఇప్పుడు హైదరాబాద్‌లో సుఖంగా ఉన్నాడు. పెద్ద ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. అంతా మంచికే జరిగిందంటుంది మా ఆవిడ. ఆమెకూ తెలియదు. ఉగాదికి ఉగాదికి ఫోన్ చేసి, "ఆ కష్టకాలంలో మీరు ఇంట్లో పెట్టుకుని ఆదుకున్నారు బావగారూ," అంటాడు. నేను వాతావరణం సంగతి ఎత్తుతాను. ఇరవై ఏళ్ళు దాటింది. నిజం చెప్పడానికి ఒక్క నిమిషం చాలు, ఇన్నేళ్ళలో ఆ ఒక్క నిమిషం నాకు దొరకలేదు.