కంబదూరు చేలో మొదటి పిడికెడు

నా భర్త మరణించిన నాటి నుంచి, అంటే దాదాపు రెండేళ్లుగా, ఏ శుభకార్యానికీ ఎదురుపడకుండా సమాజ శాంతిభద్రతలను కాపాడుతూ వచ్చాను. ఈ నెల మొదటి వాన పడ్డ మర్నాడు, ఆయన అక్క నాగమ్మ వదిన ఫోన్ చేసి నన్ను ఆ విధుల నుంచి తప్పించింది. వేరుశనగ విత్తుతున్నారట. తమ్ముడు బతికుండగా ఏటా వేసిన మొదటి పిడికెడు ఇప్పుడు నేను వేయాలట. భర్త లేని స్త్రీ చేత విత్తనం మొదలుపెట్టించరాదన్నది అలిఖిత నిబంధన. వాన మళ్లీ రాకపోతే వదిన ఏడాది పంట పోతుంది, కారణంగా నా పేరు నమోదవుతుంది.

ఉదయం ఆరింటికి అనంతపురంలో కల్యాణదుర్గం బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపితే మహిళలకు టికెట్ ఉచితం. భయానికి అదనపు రుసుము లేదు. సుమారు రెండు గంటల తర్వాత దిగి, నలభై రూపాయలకు కంబదూరు షేర్ ఆటో పట్టుకున్నాను. డ్రైవర్ మస్తాన్ నేను పోతున్న పని అడిగి తెలుసుకున్నాడు.

"వాన పడితే దేవుని దయ అంటారమ్మా. పడకుంటే మనిషి పేరు అడుగుతారు," అన్నాడు.

ఆటో కొంచెం నెమ్మదిగా నడపమని కోరాను.

"ఇంతకంటే నిదానంగా పోతే నిలబడిపోతాది."

చేను చేరేసరికి ఎద్దులు కట్టి ఉన్నాయి. పక్క చేను ఓబులేసు గట్టు మీదికి వచ్చి, నన్ను చూడకుండా వదినతో మాట్లాడాడు.

"నీకు వేరే చేతులే దొరకలేదా అక్కా?"

"పోయినేడు నీ పెండ్లాం చేతనే ఏపిచ్చినాం కదప్పా. పసుపు, కుంకుమ అన్నీ ఉండె. కాయలే రాలేదు."

ఓబులేసు వెళ్లిపోలేదు. సాక్షి హోదాలో అక్కడే నిలబడ్డాడు. వదిన నా చేతిలో విత్తనం పోసింది. సాలు దగ్గర వంగాను గాని పిడికిలి తెరుచుకోలేదు. చెమటకు గింజలు అరచేతికి అతుక్కున్నాయి. వదిన పక్కన కూర్చుని నా మణికట్టు పట్టుకుంది.

"ఇడువమ్మా. చేతిలో ఉంటే మొలవవు."

విడిచాను. ఎద్దులు కదిలాయి. మధ్యాహ్నం సంగటి తిని, చీకటి పడకముందే అనంతపురం చేరుకున్నాను.

ఇది రాసే సమయానికి కంబదూరులో రెండో వాన పడలేదు. లేవగానే ముందు ఆకాశాన్ని, తర్వాత ఫోన్‌ను తనిఖీ చేస్తున్నాను. మబ్బు పడితే గుండె దడ, విడిపోతే మరింత దడ. ఆయన పోయాక, ఇక పోగొట్టుకోవడానికి నాకేమీ లేదని నిశ్చింతగా ఉండేదాన్ని. ఆ నిశ్చింత తక్షణం అమల్లోకి వచ్చేలా రద్దయింది.

ఇలాంటి పిలుపు అందుకున్నవారికి ఒక సూచన: తొలి బస్సుకే బయలుదేరండి. రెండో బస్సుకు ఆగితే, వెళ్లకపోవడానికి సహేతుకమైన కారణాలు లభిస్తాయి.