భావనపాడులో నా డాక్‌కి వేలాడిన ఫోన్లు

విజయనగరంలో నేనూ గౌరీ ఒకే కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతాం. తనది భావనపాడు. కూతురు మౌనిక ఓణీల వేడుక అక్కడే, పుట్టింట్లో పెట్టుకుంది. ఆ వేడుకలో పిల్లకి మొదటి ఓణీ వేయాల్సింది మేనమామ. మౌనికకి ఉన్న ఒక్క మేనమామ, గౌరి తమ్ముడు అప్పన్న, గుజరాత్‌లోని వెరావల్ రేవులో చేపల బోటు మీద పని చేస్తున్నాడు. అతనికి సెలవు దొరకలేదు. ఆ రోజు పొద్దున ఐసు ఎక్కించుకోవడానికి బోటు రేవులో ఆగుతుంది, మధ్యాహ్నం మళ్లీ సముద్రం మీదికి వెళ్లిపోతుంది. ఆలోపల మేనకోడలి వేడుక అతను కళ్లారా చూడాలి. "ఒసే పద్మా, నీ ఆన్‌లైన్ క్లాసుల సామానంతా అట్టుకొచ్చి లైవ్ పెట్టీవే. ఆడు సూడకపోతే మాయమ్మ ఆ పూట అన్నం ముట్టదు" అంది గౌరి. వీడియో కాల్ చాలదా అన్నాను. పోయినసారి పెళ్లిలో కాల్ చేస్తే మొహాలన్నీ బిగుసుకుపోయి కనిపించాయట, పైగా ఆ బోటు మీదున్న ఊరివాళ్లంతా చూడాలట. సరే అన్నాను. సముద్రం చూడొచ్చన్న ఆశ కూడా నాకు లేకపోలేదు.

సామాను అంటే లాప్‌టాప్, కెమెరా, మైకు, చిన్న లైటు, వీటన్నిటినీ కలిపే డాక్. తెలియనివాళ్లకి చెబుతున్నాను, డాక్ అరచేతంత పెట్టె. దాని అడాప్టర్ ప్లగ్గులో పెట్టి, ఒక్క తీగ లాప్‌టాప్‌కి తగిలిస్తే చార్జింగూ ఇంటర్నెట్టూ కెమెరా అన్నీ ఆ తీగలోంచే వచ్చేస్తాయి. ఇంత మంచి డాక్ ఉండగా ఇంకో బరువెందుకని లాప్‌టాప్ సొంత చార్జర్ని ఇంట్లో టేబుల్ మీదే వదిలేశాను. ఏం తెలివో నాది! తెల్లవారకముందే ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సెక్కి, అక్కడ దిగి టీ తాగి, టెక్కలి బస్సు పట్టుకున్నాను. రెండు బస్సులకీ కలిపి రెండు వందల లోపే అయింది. టెక్కలి నుంచి నౌపడ మీదుగా షేర్ ఆటో, మనిషికి యాభై. మీరు వెళితే ఎడమవైపు కూర్చోండి, ఉప్పు మడులు బాగా కనిపిస్తాయి. తెల్లటి కుప్పలు, మధ్యలో అద్దంలా నీళ్లు. వానొస్తే ఈ ఉప్పంతా ఏమవుతుందని డ్రైవర్ని అడిగాను. "ఏటవుతాది, కరిగిపోతాది. మళ్లీ ఎండెప్పుడొస్తాదా అని సూత్తా కూకోడమే" అన్నాడు. తర్వాత నా బ్యాగులోంచి వేలాడుతున్న తీగల వంక చూసి, "తమరు కరెంటాఫీసా మేడమ్?" అని అడిగాడు.

తొమ్మిదిన్నరకల్లా ఊళ్లో దిగాను. వీధి పొడవునా ఎండబెట్టిన మెత్తళ్ల చేపల వాసన, ఇళ్ల వెనక నుంచి అలల చప్పుడు. గౌరి వాళ్ల ఇంటి ముందు భోజనాలకి షామియానా వేశారు, వేడుక మాత్రం హాల్లోనే. పక్కింటి ఇంటర్నెట్ తీగ కిటికీలోంచి లాగి, మూలనున్న టేబుల్ మీద సామాను సర్దుకున్నాను. ఎదుటి మూలన గోడకి ఆనుకుని చాప మీద గౌరి వాళ్లమ్మ నూకమ్మ గారు కూర్చుని ఉన్నారు. ముందుకొచ్చి కూర్చోండమ్మా అన్నాను. "ఇక్కడ బాగానే ఉన్నాదమ్మా, నువ్వు నీ పని సూసుకో" అన్నారు. నాన్న పోయినప్పటి నుంచీ శుభకార్యాల్లో అమ్మ ముందుకి రాదని గౌరి తర్వాత నెమ్మదిగా చెప్పింది. నాకు మనసు చివుక్కుమంది. చుట్టపుచూపుగా వచ్చినదాన్ని, ఏం మాట్లాడతాను?

పది దాటాక లైవ్ మొదలుపెట్టాను. కాసేపటికి తెర మీద చార్జింగ్ నెమ్మదిగా జరుగుతోందని సందేశం వచ్చింది. నెమ్మది కూడా కాదు, అరవై మీదున్న బ్యాటరీ నా కళ్లముందే నలభైకి జారింది. ముహూర్తం పదకొండున్నరకి. ఈ లెక్కన సరిగ్గా ఓణీ వేసే వేళకి లాప్‌టాప్ ఆరిపోతుంది! నిజం చెప్పొద్దూ, భయంతో పాటు ఇదెందుకు ఇలా చేస్తోందో తేల్చాలన్న దురద కూడా పుట్టింది. వేరే ప్లగ్గులో పెట్టి చూశాను, అదే తీరు. డాక్ నుంచి లాప్‌టాప్‌కి వచ్చే తీగ మార్చాను, లాప్‌టాప్‌కి రెండోవైపున్న రంధ్రంలో పెట్టాను, మార్పు లేదు. తెర వెలుగు తగ్గించి లైటు పీకేస్తే జారడం కాస్త తగ్గింది. అంటే తీగల్లో తప్పు లేదు, వచ్చే కరెంటే చాలడం లేదు. మరి ఎక్కడికి పోతోంది? టేబుల్ని గోడ నుంచి ముందుకి లాగి చూద్దును కదా, డాక్ వెనక రంధ్రాలన్నిటికీ ఫోన్లు వేలాడుతున్నాయి! మొత్తం అయిదు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాపం, వాళ్ల తప్పేముంది? గుచ్చడానికి చోటు కనిపించింది, గుచ్చేశారు. నా అడాప్టర్ ఇచ్చేది అరవై అయిదు వాట్లు. అందులోంచే డాక్ తన ఖర్చుకి కొంత ఉంచుకుని, ఫోన్లకి పంచి, మిగిలింది లాప్‌టాప్‌కి ఇస్తుంది. ఇంటినిండా చుట్టాలకి వడ్డించాక ఇల్లాలికి మిగిలినంత అన్నమాట. ఇవెవరివని అరిచాను. గరిట పట్టుకునే వంట మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. "నాదొకటుందండీ. పులుసు దించేలోపు ఎక్కుతాదనుకున్నాను" అన్నాడు. షామియానా అతనిది ఒకటి, గౌరి పిన్నిలవి రెండు, అన్నీ పీకించాను. చివర్న బటన్ల ఫోన్ ఒకటి మిగిలింది. దాని మీద చెయ్యి వేశానో లేదో, చాప మీంచి నూకమ్మ గారు గట్టిగా అన్నారు: "అది ఒగ్గీ అమ్మా! ఆడు దానికే సేస్తాడు." లైవ్‌లో చూస్తాడు కదమ్మా అన్నాను. "ఆడు నన్ను సూస్తాడు. మరి నాను ఆడి మాట ఎలగ ఇంటాను?" అన్నారు. ఆ చిన్న ఫోన్ తాగే కరెంటు ఏపాటిది? వదిలేశాను. లాప్‌టాప్ ఇరవై ఎనిమిది దగ్గర ఆగి, మెల్లగా పైకి ఎక్కడం మొదలైంది.

ముహూర్తానికి మౌనికని పీట మీద కూర్చోబెట్టారు. అప్పన్న బదులు వరసకి మేనమామ అయ్యే ఒకతను ఓణీ చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే బటన్ల ఫోన్ మోగింది. నేను టేబుల్ వెనక్కి వంగి మీట నొక్కగానే స్పీకర్లోంచి అప్పన్న గొంతు హాలంతా వినిపించింది. "అమా, ఆ మూల కూకున్నావేటి? లెగు. ఓణీ నువ్వెయ్యి." చాప మీద నూకమ్మ గారు బిత్తరపోయారు. "నానా? నానెయ్యకూడదురా." "ఎవుడు సెప్పాడు? నా సెయ్యి అక్కడ నేదు, నీ సెయ్యున్నాది. బేగి లెగమ్మా, బోటు ఎల్లిపోతాది." బాగుండదేమో అని వెనకాల ఎవరో గొణిగారు. "బాగుంటాది. అమా, రా" అంది గౌరి, ఏడుస్తూనే. నూకమ్మ గారు లేచి, తన ఫోన్ని తనే డాక్ నుంచి పీకి, ఎడమచేత్తో పట్టుకుని పీట దగ్గరికి నడిచారు. కుడిచేత్తో మనవరాలి భుజం మీద ఓణీ వేశారు. "ఏసీనాన్రా. కనిపించిందేట్రా?" అన్నారు. ఫోన్లో చప్పుడు లేదు. ఆవిడ మొహం వాడిపోయింది. లైవ్ ఎప్పుడూ కొన్ని సెకన్లు వెనక నడుస్తుందని చెప్పబోయాను. అంతలో ఆ ఫోన్ ఈలలతో, కేకలతో దద్దరిల్లిపోయింది. బోటు మొత్తం అరుస్తోంది.

సాయంత్రం సముద్రం ఒడ్డున చాలాసేపు కూర్చున్నాను. మీరు వెళితే ఎండ చల్లబడ్డాక వెళ్లండి, టెక్కలికి ఆటోలు దొరకాలంటే చీకటి పడకముందే బయల్దేరండి. నూకమ్మ గారి మాట బుర్రలోంచి పోలేదు. ఇన్ని తీగలు మోసుకెళ్లి కొడుక్కి తల్లిని చూపించే ఏర్పాటు చేశాను గానీ, తల్లికి కొడుకు మాట వినిపించాలన్న ఆలోచనే నాకు రాలేదు. అది ఆవిడే చేసుకున్నారు, నా డాక్‌కి చివరి రంధ్రంలో. నా సలహా ఒక్కటే. డాక్ ఉన్నా సరే, లాప్‌టాప్ సొంత చార్జర్ వెంట తీసుకెళ్లండి. అది మర్చిపోయి, చార్జింగ్ ఎక్కకపోతే ముందు డాక్ వెనక చూడండి. ఫోన్లు వేలాడుతుంటే పీకేయండి, కాకపోతే పీకేముందు ఒక్కొక్కటీ ఎవరిదో అడగండి.