నలభై ఒక్కసార్లు ఏరు

మురళీకృష్ణ మాస్టారు కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. మా బడిలో ఉన్నది ఇద్దరమే. ఒకటీ రెండూ తరగతులు ఆయనవి, మూడు నుంచి అయిదు దాకా నావి. ఆయనది దమ్మపేట దగ్గర రైతు కుటుంబం. ఉద్యోగం వచ్చి ఏడాది కూడా కాలేదు. పాల్వంచలో కిరాయి గదిలో ఉంటూ పొద్దున్నే నేనెక్కే బస్సే ఎక్కేవాడు. సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చేవాడు. కూర్చోవయ్యా, నువ్వు నిలబడితే బస్సేం తొందరగా పోదు అని కసిరేదాన్ని.

ఆ ఏడు, అంటే రెండు వేల ఆరులో, ఆయనకు యాక్షన్ రీసెర్చ్ అప్పగించారు. టీచరు తన తరగతిలోనే ఒక సమస్యను పట్టుకుని, లక్ష్యాలు రాసుకుని, ఏం చేస్తే ఏం మారిందో నివేదిక ఇవ్వాలి. మామూలుగా ఎవరైనా పాత నివేదిక ఒకటి తెచ్చి ఎక్కించేస్తారు. ఈ మహానుభావుడు అలా చేస్తేగా! లక్ష్యాల కాగితం ఆరుసార్లు రాసి అయిదుసార్లు చింపాడు. బస్సులో అదే, అన్నం దగ్గర అదే, నా తరగతి గుమ్మంలో నిలబడీ అదే గోల. నాకు తల వాచిపోయింది.

చివరికి ఒక సమస్య దొరికింది. బడి వెనక ఏరుంది. రెండో తరగతి కోయ పిల్లలు పాఠం మధ్యలో లేచి "సార్, ఏరు" అనేవాళ్ళు. పంపిస్తే పరుగున ఏటికి పోయి అరగంటకు గానీ వచ్చేవాళ్ళు కాదు. అంతకుముందు వానాకాలంలో ఒక పిల్ల అక్కడ జారి కొట్టుకుపోబోతే, కట్టెలకు పోతున్నవాళ్ళు పట్టుకున్నారు. ఆ భయం ఆయన్ను వదల్లేదు. అందుకని లక్ష్యం ఇలా రాశాడు: 'పాఠం మధ్యలో పిల్లలు ఏటికి వెళ్ళడాన్ని మార్చి నెలాఖరుకు పూర్తిగా మాన్పించుట.' బాగుంది, ఇక నన్నొదిలెయ్ అన్నాను.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. బడి బోరింగు జనవరిలోనే చెడిపోయింది. మా ఇద్దరికీ ఆఫీసు గదిలో బిందెడు నీళ్ళు ఉండేవి. పిల్లలు ఇంటి దగ్గర తాగే వస్తారులే అనుకున్నాం. నిజం చెప్పాలంటే, అదీ అనుకోలేదు. మాస్టారు గోడకు చార్టు అంటించాడు. ఎవరు ఏరు అన్నా వాళ్ళ పేరు ఎదురుగా ఒక గీత, ఆ వెంటనే "బెల్లు కొట్టాక పో. కూర్చో" అని ఒక మాట. పన్నెండు రోజుల్లో భవాని అనే పిల్ల పేరు ఎదురుగా నలభై ఒక్క గీతలు పడ్డాయి. బడిలో తెలుగు ముక్క ఒక్కటీ మాట్లాడని పిల్ల అది. రెండో వారం గీతలు తగ్గాయి. ఫలితం కనబడుతోందండీ అని ఆయన ఒకటే సంబరం.

పదమూడో రోజు పదకొండింటప్పుడు భవాని కళ్ళు తేలేసి పలక మీద పడిపోయింది. మా బిందెలోని నీళ్ళే ముఖాన చల్లాను. లేస్తూనే నా చేతిలో చెంబు లాక్కుని గటగటా తాగేసింది. అప్పటికైనా మాకు బుర్ర వెలగాలా, వెలగలేదు. ఎండదెబ్బ అనుకున్నాం. మర్నాటి నుంచి పిల్ల రాలేదు. నాలుగు రోజులకు వాళ్ళ నాన్న సీతయ్య వచ్చాడు. పిల్ల పేరు తీసెయ్యమన్నాడు. ఇక తల్లి వెంట మిరప తోటలకు పంపిస్తానన్నాడు.

"నీళ్లడిగితే కూసోమన్నవంట గదా సారూ."

మాస్టారు తెల్లబోయాడు. నీళ్ళెప్పుడు అడిగిందయ్యా, రోజూ ఏటికి పోతానంటే ఆపానంతే అని చార్టు చూపించాడు. సీతయ్య ఆ గీతల వంక కాసేపు చూశాడు.

"మా మాటల ఏరంటే నీళ్లే సారూ."

మాస్టారంటే వచ్చి ఏడాది కాలేదు, నేనొచ్చి ఆరేళ్ళు. నా పెద్ద తరగతుల పిల్లలకు తెలుగు వచ్చు కదా అని వాళ్ళ భాషలో ఒక్క మాట నేర్చుకోలేదు. పిల్లలు నీళ్ళడిగారు. బయటికి పంపితే నీళ్ళున్న చోటికే పోయారు. ఇంకెక్కడికి పోతారు?

ఆ మధ్యాహ్నం బస్సు వదిలేసి ఇద్దరం వాళ్ళ గూడేనికి నడిచాం. రెండు కిలోమీటర్లు. ఆయన ముందు పరుగులాంటి నడక, వెనక ఆయాసంతో నేను. తప్పయిందని ఏడేళ్ళ పిల్లకు ఏ భాషలో చెప్పాలండీ అని దారంతా నన్నే అడిగాడు. నాకేం తెలుసు!

భవాని ఇంటి ముందు ఇప్పపూలు ఎండబోస్తోంది. తల్లి జంపక్క మంచం వాల్చింది. ఈయన కూర్చోలేదు. చెమటలు కారుతుండగా పిల్ల ముందుకు పోయి నిలబడ్డాడు.

"భవానీ, ఏరు" అన్నాడు.

పిల్ల తలెత్తి ఆయన్ను చూసింది, నన్ను చూసింది. తర్వాత స్పష్టంగా, అచ్చం ఆయన గొంతుతోనే అంది:

"బెల్లు కొట్టాక పో. కూర్చో."

భవాని నోట మేం విన్న మొదటి తెలుగు మాటలు అవే. ఏడాదంతా మా బడి ఆ పిల్లకు నేర్పింది అదొక్కటే.

మాస్టారు కూర్చున్నాడు. మంచం మీద కాదు, నేల మీద, ఇప్పపూల పక్కన. జంపక్క పిల్లను కోప్పడబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. అలాగే కదలకుండా ఉండిపోయాడు. భవాని ఇంకో రెండు చేటల పూలు పరిచింది. ఆ తర్వాత లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

సోమవారం నేను బడికి వెళ్ళేసరికి చార్టు గోడ మీద లేదు. మా బిందె రెండో తరగతి గుమ్మం దగ్గర ఉంది. లక్ష్యాల కాగితం ఏడోసారి రాసి బల్ల మీద పెట్టాడు: 'పిల్లలు ఏమడుగుతున్నారో టీచరు తెలుసుకొనుట.' లక్ష్యం విద్యార్థికి ఉండాలి గానీ టీచరుకు కాదని పైనుంచి తిప్పి పంపారు. ఆయన మార్చలేదు.

బుధవారం భవాని వచ్చింది. పాఠం మధ్యలో లేచి, బిందె దగ్గరికి పోయి, నీళ్ళు ముంచుకుని తాగింది. ఎవరినీ అడగలేదు.