కూత ఎందుకు దిగుతుంది

ఇంజను కూత గురించి ఒక ప్రశ్న అడిగినందుకు నన్ను బడిలోంచి గెంటేశారు. నిన్న రైలు కూత వినిపిస్తే మళ్లీ ఒళ్లు మండింది.

మా అయ్య బిలాస్‌పూర్‌లో ఇంజను డ్రైవరు. డ్యూటీకి వెళ్తూ మా క్వార్టర్ ముందు కూత వేసేవాడు. ఇల్లు దాటగానే ఆ కూత గొంతు దిగిపోయేది. మమ్మల్ని వదిలి వెళ్తున్న దిగులుతో ఆయనే అలా దించుతాడని అమ్మా నేనూ నమ్మాం. కానీ అన్ని ఇంజన్లూ అలాగే కూస్తున్నాయి. ఎందుకని మేష్టారిని అడిగాను.

"హాయిగా ఇనక, తవ్వుతావేటిరా?" అని బెత్తం విరిగేలా కొట్టి, మళ్లీ రావద్దన్నారు.

ఆ ఏడే బాయిలరు పేలి అయ్య పోయాడు. ఆ తరవాత ఏ ఇంజను వెళ్లినా అమ్మ గుమ్మంలో నిలబడి, ఆ దిగులు కోసమే వినేది.

పెద్దయ్యాక జవాబు నేనే పుస్తకాల్లో వెతుక్కున్నాను. ఇంజను దగ్గరికొస్తుంటే కూత శ్రుతి హెచ్చుగా, దూరమవుతుంటే తగ్గి వినిపిస్తుందట. అయ్య దించిందేమీ లేదు. అదే అమ్మకి చెప్పాను.

"దానికి మిగిలింది అదొక్కటేరా. అదీ లాగేసినావా?" అని మావయ్య మీదికొచ్చాడు.

అమ్మ లేచి గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. నాకు భయమేసింది. చివరికి అంది:

"అచ్ఛా! ఇన్నాళ్లూ మీ అయ్య ఎల్లిపోవడమే ఇన్నాన్రా. ఇకమీద రావడం కూడా ఇంటాను."